వెంట వచ్చు పెట్టె, మోయువాని నెత్తి

పెట్టె తనంతట తానే యజమానుని వెంట నడచివచ్చుట నిన్నమొన్నటివఱకు కథలలోని మాట. ఆంగ్ల హాస్యరచయిత టెర్రీ ప్రాచెట్ 1983లో ప్రకటించిన నవలయందు, అనేక పాదములు గల పెట్టె యొకటి యజమాను డెచ్చటి కేగినను విడువక వెంబడించును. ఆ వేడుక నేడు నిజమైనది. 2018లో అమెరికాలోని లాస్‌వేగాస్ నగరమున జరిగిన యంత్రవస్తు ప్రదర్శనమున ఇట్టి పెట్టెలను ఒకరికి మించిన తయారీదారులు చూపిరి. అం దొకదానికి కుక్కపిల్ల యనియే పేరు. వింతను జూచి సంతసించుటలో దోషము లేదు. మన యింజనీరింగు కళాశాలల విద్యార్థులును ఇట్టివానిని నిర్మింపవలెనని ముచ్చటపడుట సహజమే. కాని యీ యంత్ర మెవరి బరువును దించవలెనని ముందుగా అడుగుట మన విధి.

చక్రముల పెట్టె చరిత్రయే ఇందుకు పాఠము. 1970లో బెర్నార్డ్ శాడో అను అమెరికా పెట్టెల వ్యాపారి, బరువైన యంత్రము నొక పనివాడు చక్రముల పలకపై అవలీలగా త్రోసికొనిపోవుట చూచి, తన పెట్టె యడుగున చక్రములు తగిలించెను. 1972లో దానికి పేటెంటు లభించెను. 1987లో రాబర్ట్ ప్లాత్ అను విమానచోదకుడు పెట్టెను నిలువుగా నిలిపి, రెండు చక్రములును పొడుగుపిడియు నమర్చెను. మానవుడు 1969లోనే చంద్రునిపై కాలిడెను. చేతిలోని పెట్టెకు చక్రములు వాడుకలో స్థిరపడుట ఆ తరువాతి మాట! బుద్ధి లేక కాదు. మోయువాడు చవుకగా దొరకినంతకాలము మోతను తగ్గించు యోచన మోయించువానికి తట్టదు.

ఇక నీ క్రొత్త పెట్టె పని తీరెట్టిది? కెమేరాలతో గాని, యజమానుని చేతిపట్టీనుండి వచ్చు రేడియో సంకేతముతో గాని అది యతని గుర్తించును. నడుమ దూరమును కొలుచుకొనుచు మోటారుతో చక్రములు త్రిప్పుకొనును. విమానాశ్రయపు నున్నని గచ్చుపై ఇది చక్కగా సాగవచ్చును. మన రైలుస్టేషన్లలో అనేకముల యందు వంతెన మెట్లే శరణ్యము. మొదటి మెట్టు చేరగానే సేవకుడు నిలిచిపోవును. యజమానుడే సేవకుని భుజాన మోయవలసివచ్చును! మోటారును, బ్యాటరీయు చేరుటచే ఆ బరువు మామూలు పెట్టెకంటె హెచ్చు. విమానములలో మఱియొక చిక్కు. లిథియం బ్యాటరీ నిప్పంటుకొను నను భయముచే, వెలికి తీయరాని బ్యాటరీలు గల పెట్టెలను అమెరికాలోని పెద్ద విమానసంస్థలు కొన్ని 2018 జనవరి 15 నుండి నిరాకరించినవి. అట్టి పెట్టెల నమ్మిన సంస్థ యొకటి ఆ యేటి మే నెలలోనే దుకాణము కట్టివేసినది.

న్యాయవాదినగుట మఱియొక సందేహము నన్ను విడువదు. స్టేషనులోని కూలీ చేతికి బిళ్ల యుండును. దానిపై సంఖ్య యుండును. పొరపాటు జరిగిన నడుగుటకు మనిషి కలడు. నడచు పెట్టె జనములో నొక వృద్ధురాలి కాలికి దగిలి పడవేసినచో నెవరి నడుగవలెను? నేను ముందు నడచుచుంటిని, చూడలేదని యజమాను డనును. జనసమ్మర్దమున వాడరాదని కాగితమున వ్రాసియే యున్నామని తయారీదారుడనును. ఇరువురి నడుమ ఆమె కాలు విరిగియే యుండును. కావున పెట్టె విడిచినవానిదే ప్రథమబాధ్యత యనియు, లోపమున్నచో తయారీదారుడును పాలుపంచుకొనవలెననియు ముందే నిర్ణయింపవలయును. ఎవరైనను తాకి నిలుపగల మీట పైకి కనబడునట్లుండవలయును.

వీనియన్నిటికంటె పెద్దమాట కూలీవాని మాట. లైసెన్సు గల కూలీకి నెలజీతము లేదు. ప్రయాణికు లిచ్చు కూలియే యతని జీవనము. 2008లో పలువురిని రైలుమార్గపు గ్యాంగు పనులలోనికి తీసికొనిరి. 2016 రైల్వే బడ్జెటులో కూలీ యను మాటను మాన్పి సహాయకుడని పేరు మార్చిరి. పేరు మారినది, నెత్తిమీది బరువు మారలేదు. చక్రముల పెట్టె యతని రాబడి నిదివఱకే కొంత హరించినది. నడచు పెట్టె మిగిలినదానిని హరింపదా?

యంత్రమును ఆపుడని మేము కోరుటలేదు. దానిని సరియైన చేతులలో బెట్టుడని కోరుచున్నాము. ఒక్క ధనికుని వెనుక నొక్క పెట్టెను నడపుటకంటె, ఒక్క కూలీ వెనుక పది పెట్టెల బండిని నడపుట మేలు గాదా? కూలీల సహకార సంఘమునకే యా బండ్లు సొంతమైనచో, బరువు నెత్తినుండి దిగును, రాబడి చేతియందే నిలుచును. అందులకు ముందుగా మెట్ల ప్రక్కన వాలుదారులు కావలెను. అవి చక్రముల కుర్చీలో వచ్చు వికలాంగునకును, బిడ్డ నెత్తుకొన్న తల్లికిని సమముగా నుపకరించును.

యంత్రమును అవసరము గలవానికై కల్పించుట యెట్లో చూడవలెనన్న జపానువైపు చూతము. అంధురాలైన శాస్త్రజ్ఞురాలు చియెకో అసకావా తన సహచరులతో కల్పించిన పెట్టె వెనుక నడువదు. ముందు నడచి, అడ్డంకులు తప్పించి, చూపులేనివారిని గమ్యమునకు చేర్చును. 2025లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనమున దానిని సందర్శకులకు చూపిరి. తన కష్ట మేమో తెలిసినవారు కల్పించిన వస్తువది.

మన యువశిల్పులును ప్రయోగశాలకు బోవుటకు ముందు ఒక్క దినము స్టేషను వంతెన క్రింద నిలువుడు. నెత్తిన రెండు పెట్టెలు, భుజాన నొక సంచితో మెట్లెక్కుచున్న వృద్ధుడైన కూలీని అడుగుడు. ఏ యంత్రము కావలెనో యతడే చెప్పును.