మొక్కల లెక్క చాలదు, వేళ్లను చూడాలి

ఇల్లెందు పరిసరాల్లో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ కనుగొన్ననాటి నుంచి ఈ ప్రాంత ప్రజల బ్రతుకు బొగ్గుతో ముడిపడింది. భూగర్భ గనుల్లో పని లోపల సాగేది గనుక పైనేల చాలావరకు నేలగానే మిగిలేది. ఓపెన్‌కాస్టు గనులు వచ్చాక అలా కాదు. బొగ్గు పొర మీద ఉన్న మట్టిని, రాతిని మొత్తం పెకలించి పక్కన పోయవలసిందే. ఇల్లెందు, మణుగూరు ప్రాంతాల్లో కొండల్లా లేచిన ఓబీ గుట్టలు అలా ఏర్పడినవే. సరైన కట్టడి లేనిచోట వానాకాలంలో ఈ మట్టి వాగుల్లోకి, దిగువ పొలాల్లోకి కొట్టుకు వస్తుంది. కనుక ఈ గుట్టలు పచ్చబడడం కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు, కింద ఉన్న రైతు బ్రతుకుకు సంబంధించిన విషయం.

గుట్టల మీద మొక్కలు నాటుతున్నారు. సంతోషమే. అయితే ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కతోనే పని ముగిసిందనుకోవడం సరికాదు. ఆ మట్టి తిరిగి నేల అయిందా లేదా అన్నది అసలు ప్రశ్న.

పొలంలోని మట్టికీ, గుట్ట మీది మట్టికీ తేడా ఏమిటో రైతుకు వేరే చెప్పనక్కర లేదు. పొలం మట్టిలో ఆకు అలము కుళ్లి కలిసి ఉంటుంది, కంటికి కనిపించని కోటానుకోట్ల జీవులుంటాయి. గుట్ట మట్టి ఎంతో లోతు నుంచి వచ్చిన రాతిపొడి. దానికి ఏనాడూ వేరు తగలలేదు, పేడ తగలలేదు. అందులో నత్రజని బహు స్వల్పం, నీరు నిలవదు, ఎండకు కాలిపోతుంది.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే అయినా మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. ఆ పని చేసిపెట్టేది రైజోబియం అనే బాక్టీరియా. ఇది పప్పుజాతి మొక్కల వేళ్లలో చేరి బుడిపెలు కడుతుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి తిండి పెడుతుంది. ఈ సంగతిని 1886లో జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్రీగెల్, విల్‌ఫార్త్ వెల్లడించారు. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి చూపాడు. పెసర, మినుము వేసిన చేలో తరువాతి పంట బాగుంటుందని మన పెద్దలు చెప్పే మాట వెనుక ఉన్నది ఇదే.

కానుగ, దిరిసెన, నల్లతుమ్మ, సుబాబుల్ వంటి చెట్లకు ఈ బుడిపెలు వస్తాయి. సరుగుడు పప్పుజాతి కాకపోయినా ఫ్రాంకియా అనే మరో బాక్టీరియా దానికి ఇటువంటి మేలే చేస్తుంది. టేకు, వేప, జామాయిల్ చెట్లకు ఈ బుడిపెలు లేవు. సీమ తంగేడుకు పొడుగు కాయలు కాస్తాయి, అయినా బుడిపెలు కట్టదు. త్వరగా పచ్చగా కనిపిస్తుందని ఒక్క రకమే గుట్ట నిండా నాటితే నీడ రావచ్చునేమో గాని, నేలకు చేరే నత్రజని తక్కువ.

ఇంకొక చిక్కు ఉన్నది. కొత్త గుట్టలో ఈ బాక్టీరియా ఉండడమే అరుదు. కానుగ నాటినా తోడు లేక ఎదగకపోవచ్చు. అందుకే నర్సరీలోనే విత్తనానికి, మొక్కకు తగిన కల్చరు పట్టించాలి. వేళ్లకు భాస్వరం, నీరు అందించే మైకోరైజా అనే శిలీంధ్రాన్ని కూడా జోడించాలి. మన పొరుగున ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పద్మాపూర్ బొగ్గుగని గుట్ట మీద నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు ఇదే పని చేసి చూపారు. పేపరు మిల్లు మడ్డిని ఎరువుగా వేసి, రైజోబియం, అజటోబాక్టర్, మైకోరైజా పట్టించిన మొక్కలు నాటారు. నేలలో సూక్ష్మజీవుల సంఖ్య పెరిగిందని 2008లో ప్రకటించారు.

బాక్టీరియా ఒక్కటే అన్నీ చక్కబెడుతుందని భ్రమపడరాదు. ముందుగా గుట్టను మెట్లుగా చెక్కాలి, నీరు పోయే కాల్వలు తీయాలి. గని తవ్వేటప్పుడు తీసిన పైమట్టిని రాతితో కలపకుండా విడిగా ఉంచాలి. దానినైనా ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్ప వేస్తే లోపల గాలి ఆడక అందులోని జీవం క్షీణిస్తుంది. తక్కువ ఎత్తున పరచి, జనుము, జీలుగ చల్లి, వీలైనంత త్వరగా గుట్ట మీదకు చేర్చాలి.

ఇది గని యాజమాన్యాల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కాదు. బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక ఉండాలని కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. గని తవ్విన నేలలో తిరిగి గడ్డి పెంచాలని, అది పశువులకు మేతగా పనికిరావాలని, ఈ షరతును లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న కేంద్రాన్ని ఆదేశించింది. మేత భూములు కోల్పోయిన గ్రామాలకు ఈ తీర్పు ఎంతో ముఖ్యమైనది.

కనుక అధికారులు ఏటా వానలు వెనుకపట్టాక గుట్టల మీదకు గ్రామస్థులను తీసుకువెళ్లి పరిశీలన జరపాలి. నాటినవెన్ని, బ్రతికినవెన్ని, పైమట్టి ఎక్కడ ఉంచారు, నర్సరీలో కల్చరు వాడారా అన్నది గ్రామసభలో చదివి వినిపించాలి. ఏజెన్సీ గ్రామాల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ప్రత్యేక స్థానం ఇచ్చింది. దానిని ఇక్కడ వినియోగించుకోవాలి. గుట్ట మీద మేత, పంట మొదలుపెట్టే ముందు మట్టి పరీక్ష విధిగా జరగాలి.

గ్రామస్థులు స్వయంగా చేయగల పరీక్ష కూడా ఒకటి ఉన్నది. బాగా తడిసిన రోజున ఒక పప్పుజాతి మొక్కను వేళ్లు తెగకుండా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే బాక్టీరియా పని చేస్తున్నట్టే. పాలిపోయి గాని, ఆకుపచ్చగా గాని ఉంటే లేనట్టే. బుడిపెలే లేకపోతే అధికారులను నిలదీసి అడగవలసిందే. బొగ్గు దేశానికి వెలుగునిచ్చింది. దానికోసం నేలనిచ్చిన ఊళ్లకు జీవమున్న నేలను తిరిగి అప్పగించడం న్యాయం.