కొత్తిమీరకు ఎందుకంత తొందర?

ఎండలు ముదిరితే కొత్తిమీర ఆగదు. నాలుగాకులు వేసిందో లేదో సన్నటి కాడ లేచి పూతకొచ్చేస్తుంది. ఇక ఆ కట్టను బజారులో అడిగేవారుండరు. రైతు పెట్టుబడి మట్టిపాలే.

మొక్కలో కాడను సాగదీసేది జిబ్బరెల్లిన్ అనే హార్మోను. దీని ఆచూకీ దొరికింది వరి మడిలో. ఒక శిలీంధ్రం సోకిన నారు పిచ్చిపట్టినట్టు పొడుగు సాగి పడిపోయేది. జపాన్ రైతులు దాన్ని ‘వెర్రి నారు’ అనేవారు. శిలీంధ్రం వదిలే పదార్థమే అందుకు కారణమని 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త తేల్చాడు. తర్వాత అదే సీసాల్లోకెక్కింది. ద్రాక్ష గుత్తులు సాగడానికి చల్లేది అదే. దాని తయారీని మొక్కలో అడ్డుకునే మందు పాక్లోబ్యూట్రజోల్. మామిడి రైతులకు బాగా తెలుసు. నేలలో నెలల తరబడి ఉండిపోవడం దీనితో వచ్చిన చిక్కు. మామిడి సంగతి సరే, ఆకుకూర నెల, నెలన్నర పంట. చల్లిన మందు విరగడానికి వ్యవధేదీ? పైగా మనం తినేది ఆ ఆకునే!

మరి మందు చేసే పనిని మొక్కలోని జన్యువుతోనే చేయిస్తే? ఇదేమీ వింత ఆలోచన కాదు. 1966లో వచ్చిన ఐఆర్-8 వరి పొట్టిగా ఉండటానికి కారణం జిబ్బరెల్లిన్ తయారుచేసే ఒక జన్యువు చెడిపోవడమేనని 2002లో బయటపడింది. పొట్టి గోధుమల గుట్టు ‘డెల్లా’ ప్రొటీన్లలో ఉంది. ఎదుగుదలకు బ్రేకులు ఇవే. హార్మోను వచ్చి వీటిని తొలగిస్తేనే మొక్క సాగుతుంది. సలాడ్లలో వేసే లెట్యూస్‌లో ‘ఎఫ్‌టీ’ అనే పూత జన్యువును అణిచి చూస్తే, వేడిలోనూ కాడ లేవడం ఆలస్యమైంది.

మన దేశంలో బయటి జన్యువు మిగలని జన్యు సవరణకు 2022లో నిబంధనలు సడలించారు. 2025 మేలో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ సవరించిన సాంబమసూరిని ప్రకటించింది. అందులో మార్చింది కూడా హార్మోను జన్యువునే. సైటోకైనిన్‌ను విరిచే జన్యువును ఆపితే గింజలు పెరిగాయి.

ఆకుకూరలతో మాత్రం అంత తేలిక కాదు. వరి పొట్టిదైనా గింజకు ఢోకా లేదు. కూర మొక్క కురచైతే ఆకూ చిన్నబోతుంది, కట్ట పలచనవుతుంది. పూతను పూర్తిగా ఆపేద్దామా అంటే, రేపటికి విత్తనమేదీ? కొత్తిమీర పూస్తేనే ధనియాలు! అందుకే కావలసింది వేసవిలో ఓ పది పదిహేను రోజులు పూతను ఆపి, ఆ తర్వాత దారి వదిలే మార్పు.