బ్యాటరీకి నికెల్, నికెల్‌కు బొగ్గు



విదేశీ పెట్టుబడి వెంట కాలుష్యం వస్తుందని కొందరు, కొత్త సాంకేతికత వచ్చి కాలుష్యం తగ్గుతుందని మరికొందరు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఇద్దరి చూపూ డబ్బు తెచ్చేవాడి మీదే. రమ్మని పిలిచిన ప్రభుత్వం ఏ షరతు పెట్టిందో అడిగేవారు తక్కువ. ఇండోనేసియాలోని సులవేసి దీవిని చూస్తే ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకూ విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ కావాల్సిన నికెల్ ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా ఇప్పుడు ఆ దేశానిదే. అక్కడి ఖనిజం తడిసిన ఎర్రమట్టి. అందులో నికెల్ నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూ. దాన్ని ఆరబెట్టి, తిరిగే బట్టీలో కాల్చి, విద్యుత్ కొలిమిలో దాదాపు 1,500 డిగ్రీల దగ్గర కరిగించాలి. సులవేసిలోని మొరోవాలిలో చైనా పెట్టుబడితో వెలసిన కొలిములకు ఆ కరెంటు సొంత బొగ్గు కేంద్రాల నుంచి వస్తోంది. విదేశాల్లో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాలు కట్టబోమని చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ 2021 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ప్రకటించారు. మరుసటి ఏడాది ఇండోనేసియా కూడా అధ్యక్ష ఉత్తర్వు 112తో కొత్త బొగ్గు కేంద్రాలు వద్దంది. అదే ఉత్తర్వులో ఖనిజాలకు విలువ జోడించే పరిశ్రమల సొంత కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. పదేళ్లలో ఉద్గారాలు 35 శాతం తగ్గిస్తామంటే చాలు, 2050 దాకా నడుపుకోవచ్చు. దొడ్డిదారి తెరిచింది ఆతిథ్య దేశమే.

షరతులు బిగిస్తే పెట్టుబడి పొరుగు దేశానికి పోతుందన్నది పాత బెదిరింపు. కానీ ఇండోనేసియా 2014లో ఒకసారి, సడలించి మళ్లీ 2020లో ముడి ఖనిజం ఎగుమతిని నిషేధించింది. అంతకన్నా కఠినమైన షరతు ఏముంటుంది? అయినా కంపెనీలు పారిపోలేదు సరికదా, క్యూ కట్టాయి. ఖనిజం ఉన్నచోటికే అవి రావాలి. కొలిమి ఇక్కడే పెట్టమని శాసించగలిగినవారు, దానికి కరెంటు ఎక్కడిదో అడగలేకపోయారంటే నమ్మడం కష్టం. బొగ్గు కరెంటు లేనిదే రేయింబవళ్లు కొలిమి నడవదనేవారికి జవాబు అదే దీవిలో ఉంది. సొరొవాకోలో కెనడా పెట్టుబడితో మొదలై తర్వాత బ్రెజిల్ కంపెనీ వేల్ చేతికి వచ్చిన కర్మాగారం, లరోనా నది మీది మూడు జల విద్యుత్ కేంద్రాలతో కొలిములు నడుపుతోంది. ఖనిజాన్ని ఆరబెట్టడానికి అక్కడా బొగ్గు, చమురు కాలుస్తున్న మాట నిజమే; అయినా అదే దీవి, అదే లోహం, రెండూ విదేశీ సొమ్ముతో మొదలైనవే. ఇక ఆదాయం సంగతి. ఏటా 300 కోట్ల డాలర్ల దగ్గరుండే నికెల్ ఎగుమతులు 3,000 కోట్లు దాటాయని ప్రభుత్వ లెక్క. పేద దేశానికి అది చిన్న విషయం కాదు, దాన్ని వెక్కిరించే హక్కు బొగ్గుతోనే బాగుపడ్డ దేశాలకు అసలే లేదు. అయితే ఆ లెక్కలో బూడిద పీల్చే పల్లెలు గానీ, 2023 డిసెంబరులో మొరోవాలి కర్మాగారం పేలుడులో చనిపోయిన 21 మంది గానీ లేరు.

మన దగ్గరా బేరమాడే బలం లేకపోలేదు. విశాఖలో డేటా సెంటర్ కోసం 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. డేటా సెంటర్ కూడా క్షణం ఆగకుండా కరెంటు తాగేదే, పక్కనే పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు కేంద్రం ఉంది. ఇలాంటి ప్రతి ఒప్పందంలోనూ ఏ గంటకు ఏ వనరు నుంచి ఎంత విద్యుత్తు తీసుకుంటారో రాసి, ఆ పేజీని భూమి కేటాయింపు జీవోతో పాటే జనం ముందు పెట్టాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అనకాపల్లి