మట్టికి ఎదురు నిలిచే గోడ

ఇంటి చుట్టూ కట్టే గోడను మనం ప్రహరీ అంటాం. మేకలు పెరట్లో దూరకుండా, దారిన పోయేవారి చూపు లోగిట్లో పడకుండా అది కాపలా కాస్తుంది. తన బరువు తాను మోసుకుని, గాలివానకు తట్టుకుంటే దాని బాధ్యత తీరినట్టే. కాని మరో రకం గోడ ఉంది. దానికి ఒకవైపు నేల ఎత్తు, మరొకవైపు పల్లం. ఎత్తున ఉన్న మట్టి పల్లానికి జారిపోకుండా ఆ గోడ పగలూ రాత్రీ ఎదురు నిలవాలి. చూపులకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. చేసే పనిలో మాత్రం కాపలాదారుకూ మల్లయోధుడికీ ఉన్నంత తేడా ఉంది.

ఇంగ్లీషులో ఈ రెండో గోడకు ‘రిటైనింగ్ వాల్’ అని వేరే పేరుంది. హిమాచల్ ప్రదేశ్ కొండపల్లెల వారు దీన్ని ‘డంగా’ అంటారు. ఉత్తరాఖండ్ వారు ‘పుస్తా’ అంటారు. కొండవాలున బతికేవారికి దానితో నిత్యం పని కాబట్టి మాటా నిత్యవ్యవహారంలోనే ఉంది. తెలుగులో ఇంజనీర్లు ఇంగ్లీషు మాటనే వాడుకుంటారు. పత్రికలు ఒకనాడు ‘రక్షణ గోడ’ అనీ, మరొకనాడు ‘ప్రహరీ’ అనీ రాస్తాయి. ఇది నాబోటి అనువాదకులను ఇబ్బంది పెట్టే సంగతి మాత్రమే అయితే ఇక్కడ ప్రస్తావించనక్కర లేదు. పేరులో తేడా లేకపోతే కట్టడంలోనూ తేడా లేకుండా పోతుంది. ఇల్లు కట్టించే ఆసామి ‘గోడే కదా’ అంటాడు. మేస్త్రి ప్రహరీ కట్టినట్టే కట్టేస్తాడు. ఆ పైన వాన వస్తుంది.

ఇటీవలి సంవత్సరాలను గుర్తుకు తెచ్చుకోండి. 2019 జూలై 2న ముంబయిలోని మలాడ్‌లో కొండవాలున ఉన్న గోడ కుండపోత వానకు కూలి, దిగువనున్న గుడిసెల్లో 30 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 2న కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నడూరులో ఎత్తయిన గోడ ఒకటి వర్షానికి నాని, పక్కనున్న పేదల ఇళ్ళమీద తెల్లవారుజామున పడింది. 17 మంది నిద్రలోనే పోయారు. 2024 మే 7న హైదరాబాదు శివారు బాచుపల్లిలో, కడుతున్న భవనం వద్ద రిటైనింగ్ గోడ కూలి వలస కూలీల కుటుంబాలవారు ఏడుగురు మరణించారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు, కొద్దిరోజుల ముందే కట్టిన గోడ వానకు కూలి వరుసలో నిలుచున్న ఏడుగురు భక్తులను బలిగొంది. ఊళ్ళు వేరు, గోడలు వేరు. అన్నిటిలోనూ ఉన్నవి వాన ఒకటి, గోడకు దిగువన మనుషులు ఒకటి.

వీటిలో కొన్ని పెద్ద కట్టడాలు. అయితే పెరట్లో ఆరడుగుల గోడ కట్టుకునే గృహస్థుకు వర్తించే సూత్రమూ ఇదే. విశాఖపట్నం కొండవాలుల్లోనైనా, ఎగుడుదిగుడు నేలమీద వెలసిన హైదరాబాదు కాలనీల్లోనైనా స్థలం చదును చేయాలంటే ఒకవైపు తవ్వాలి, మరొకవైపు పోయాలి. పోసిన చోట గోడ తప్పదు. నేడు ఆ గోడకు రాయి బదులు కాంక్రీటు దిమ్మెలు వాడుతున్నారు. రాయికంటే చవక, పని త్వరగా సాగుతుంది, చూడ్డానికీ పొందికగా ఉంటుంది. చిక్కు దిమ్మెలో లేదు, వాడే తీరులో ఉంది.

కొంచెం లెక్క చూద్దాం. మామూలు పొడి మట్టి ఘనపు మీటరు 1,800 కిలోలు తూగుతుందనుకుంటే, అది పక్కకు నెట్టే ఒత్తిడి అందులో మూడోవంతు ఉంటుందని స్థూలంగా చెప్పవచ్చు. ఒక మీటరు ఎత్తు గోడను, ప్రతి మీటరు పొడవునా, ఆ మట్టి సుమారు 300 కిలోల బలంతో నెడుతుంది. ఎత్తు రెండు మీటర్లయితే ఆ బలం 600 కాదు, 1,200 కిలోలు. ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగింతలు! గోడను బోర్లా తిప్పివేసే శక్తి ఎనిమిదింతలు. ‘ఇంకో మూడు వరుసలు వెయ్యవయ్యా, ఏమవుతుంది?’ అని మేస్త్రితో అనేవారు జ్ఞాపకం పెట్టుకోవలసిన లెక్క ఇది.

ఇక గోడ సంగతి. 8 అంగుళాల బోలు దిమ్మెలతో రెండు మీటర్ల ఎత్తు పేర్చిన గోడ, మీటరు పొడవుకు 600 కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. లోపల చువ్వలు లేవు, కాంక్రీటు నింపలేదు అనుకోండి. సిమెంటు అతుకును లెక్కించకుండా కేవలం బరువునే చూస్తే, పడిపోకుండా దాన్ని ఆపే శక్తి పడదోసే శక్తిలో పదోవంతు కూడా లేదు. అయినా కట్టిన మర్నాడే కూలదు. సిమెంటు అతుకు కొంత, గట్టిపడిన మట్టి కొంత దాన్ని నిలబెడతాయి. ఎండాకాలమంతా నిక్షేపంగా నిలుస్తుంది. యజమానికి ధైర్యం వస్తుంది.

ఆ ధైర్యాన్ని పరీక్షించేది నీరు. వాననీరు గోడ వెనుక చేరి, బయటికి దారిలేక నిలిచిపోతే మట్టి ఒత్తిడికి నీటి ఒత్తిడి తోడవుతుంది. మట్టిలో కొంత భాగమే పక్కకు నెడుతుంది. నీరు తన బరువంతటితోనూ నెడుతుంది. రెండు మీటర్ల లోతు నీరు ఒక్కటే మీటరు పొడవుకు 2,000 కిలోలు తోస్తుంది. నీటిలో మునిగిన మట్టి తోపునూ కలుపుకుంటే మొత్తం 2,600 కిలోలు దాటుతుంది. అంటే పొడిమట్టి తోపుకు రెండింతల పైమాట. గోడను మట్టి కూల్చిందని మనం అనుకుంటాం. చాలాసార్లు కూల్చింది దారి దొరకని నీరు.

ఈ లెక్కలు నిన్నటివి కావు. ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరుగా ఉన్న షార్ల్ కూలుం, కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో కోట కట్టించే పనిమీద 1764 నుంచి ఎనిమిదేళ్ళు గడిపాడు. తిరిగివచ్చి 1773లో పారిస్ విజ్ఞానశాస్త్ర అకాడెమీకి సమర్పించిన వ్యాసంలో, గోడ వెనుక మట్టి ఆప్పు ఆకారంలో తెగి జారుతుందని చూపి, దాని తోపును లెక్కగట్టాడు. విద్యుత్తు పాఠాల్లో మన పిల్లలు చదివే కూలుం ఈయనే. 1857లో గ్లాస్గో ఆచార్యుడు రాంకిన్ ఆ లెక్కను మరింత సులభం చేశాడు. పొలంలో గట్టు వేసే రైతుకు ఈ పేర్లు తెలియవు. కాని గట్టును అడుగున వెడల్పుగా, పైన సన్నగా వేయాలని తెలుసు. శాస్త్రం చెప్పేదీ అదే.

అయితే దిమ్మెల గోడను ఎలా కట్టాలి? మీటరు లోపు ఎత్తయితే పని తేలిక. మొదటి వరుసను నేలలోకి దింపి, గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర పరుపుమీద మట్టం చూసి పరచాలి. పై వరుసలను ఒక్కొక్కటి కొద్దిగా వెనక్కు జరుపుతూ పేర్చాలి. గోడ మట్టివైపు ఒరగాలే గాని పల్లంవైపు కాదు. తూకం గుండు వేసి నిట్టనిలువుగా కట్టడం ఇంటిగోడకు శోభ. ఇక్కడ కాస్త వెనుకకు వాలడమే శోభ.

అంతకుమించిన ఎత్తుకు పునాదే ప్రాణం. అది వెడల్పయిన కాంక్రీటు పాదంగా, ఎత్తులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉండాలి. అందులో ఎక్కువ భాగం మట్టివైపు చొచ్చుకుపోవాలి. అప్పుడు గోడను నెట్టే మట్టే ఆ పాదంమీద కూర్చుని గోడను పడకుండా పట్టుకుంటుంది. శత్రువు బరువునే తన బలంగా మార్చుకునే ఉపాయం ఇది. పాదంలోంచి లేచిన ఇనుప చువ్వలు దిమ్మెల బోలుగుండా పైదాకా సాగాలి. ఆ బోలును కాంక్రీటుతో నింపాలి. చువ్వలు మట్టివైపు ముఖానికి దగ్గరగా ఉండాలి. ఎందుకంటే గోడ వంగినప్పుడు సాగి చిట్లేది ఆ వైపే. రెండోవైపు పెట్టిన చువ్వ ఖర్చుకే గాని పనికి రాదు. నాలుగడుగులు దాటిన ఏ గోడకైనా ఇంజనీరు చేత నమూనా వేయించుకోవడం మంచిది. కొండప్రాంతాల్లో ఏ తరహా గోడ ఎంచుకోవాలో భారత ప్రమాణాల సంస్థ 1998లోనే మార్గదర్శకాలు వెలువరించింది.

నీటికి దారి చూపడం అన్నిటికన్నా ముఖ్యం. గోడ వెనుక కనీసం ఒక అడుగు మందాన మట్టి కలవని కంకర నింపాలి. కంకరకూ మట్టికీ నడుమ, నీటిని వదిలి మట్టిని ఆపే వడపోత బట్ట పరచాలి. గోడ అడుగున మూడంగుళాల గొట్టాలను, మీటరున్నర దూరానికొకటి చొప్పున, బయటికి వాలుగా అమర్చాలి. పై నేలమీది వాననీరు గోడవైపు కాక కాలువలోకి పోయేలా వాలు ఇవ్వాలి. నల్లరేగడి మట్టిని గోడ వెనుక నింపకూడదు. అది నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, మళ్ళీ ఆ బీటల్లోకి నీరు దిగుతుంది. నింపే మట్టినైనా ఒక్కసారిగా లారీలతో కుమ్మరించక, అరడుగు మందాన పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలి. గోడ అంచున నీళ్ళ తొట్టిగాని, ఇటుకల గుట్టగాని పెట్టరాదు.

కట్టి ఉన్న గోడలూ మనతో మాట్లాడతాయి. నడుమ ఉబ్బు, పల్లంవైపు ఒరుగు, అడ్డంగా సాగిన బీట, గోడకూ పై నేలకూ మధ్య విడిన సందు — ఇవి ముందస్తు హెచ్చరికలు. పెద్దవాన కురిసినా తూముల్లోంచి చుక్క రాకపోతే సంతోషించనక్కర లేదు. అవి పూడుకుపోయాయేమో చూడాలి. బీటమీద సిమెంటు పూత పూయడం జ్వరపు రోగికి పౌడరు రాయడం లాంటిది.

చివరిగా ఒక ధర్మసూక్ష్మం. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్, ప్రతి భూయజమానికీ తన నేలకు పొరుగు నేల సహజంగా ఇచ్చే ఆసరాను పొందే హక్కు ఉందని అంటుంది. కనుక పల్లంలోని వాడు ఇష్టం వచ్చినట్టు తవ్వి పై నేలను జారనివ్వకూడదు. కాని ఆ హక్కు సహజస్థితిలో ఉన్న నేలకే. పైవాడు మట్టి పోసి ఎత్తు పెంచుకుంటే, ఆ పెంచిన బరువును మోయవలసిన బాధ్యత పొరుగు నేలకు లేదు. అది పోసినవాడిదే, అతడు కట్టిన గోడదే.

చట్టం నేలను గురించి చెప్పింది. మనం మనుషులను గురించి ఆలోచించాలి. ఈ గోడవల్ల సుఖపడేది పైనున్నవాడు: చదునైన పెరడు, నాలుగు పూలమొక్కలు, సాయంత్రం కుర్చీ వేసుకునే చోటు. అది కూలితే పోయేది కిందనున్నవాడి ప్రాణం. గోడకు ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించేది మొదటివాడు. ఆ నిర్ణయం నీడలో నిద్రించేది రెండోవాడు. అతడిని ఎవరూ సలహా అడగరు. అందుచేత దిమ్మెల బేరం ఆడేటప్పుడు, కంకర వద్దులే అని తగ్గించేటప్పుడు, గోడను ఒక్కసారి అవతలివైపు నుంచి చూడండి. కిందికి దిగి, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి తలెత్తి చూడండి. అక్కడ మీ పిల్లలను పడుకోబెట్టడానికి మీకు మనసొప్పితే ఆ గోడ సరైనదే. ఒప్పకపోతే, పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.