నమూనా గీసిన చేతికి కూలి లేదా?

పాత చీరలతో బొంతలు కుట్టడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. అమెరికాలో ఇలాంటి పనినే క్విల్టింగ్ అంటారు. అక్కడ దాని చుట్టూ పత్రికలు, నమూనాల వ్యాపారం పెరిగాయి. ఇప్పుడు ఆ పత్రికలు కొనడం తగ్గి, కావలసిన నమూనా ఒక్కటే కంప్యూటర్‌లోంచి దించుకోవడం అలవాటైంది. ఆడవాళ్ల కాలక్షేపంలో వచ్చిన ఈ చిన్న మార్పుతో మనకేం పని అని కొందరు అడగొచ్చు. ఆ 'కాలక్షేపం' అన్న మాట దగ్గరే నా అభ్యంతరం.

'కాన్సాస్ సిటీ స్టార్' దినపత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చువేసింది. పాఠకురాళ్లు పంపినవి కూడా వాటిలో ఉన్నాయి. 1969లో బానీ లెమన్ అనే ఆమె 'క్విల్టర్స్ న్యూస్‌లెటర్' మొదలుపెట్టింది. కుట్టుకునే ఆడవాళ్ల కోసమే నడిచిన ఆ పత్రిక 2016లో ఆగిపోయింది. ఇప్పుడు చాలామంది తమ నమూనాలు తామే అమ్ముకుంటున్నారు. మధ్యవర్తి లేకుండా డబ్బు గీసినామె చేతికే రావడం మంచిదే. కానీ ఒకరు కొని పదిమందికి పంచడం కూడా అంతే తేలికైంది. 'కాగితమే కదా, దీనికి డబ్బెందుకు?' అనే మాట కూడా పెరిగింది.

ఆ కాగితం వెనక ఏముంది? ప్రతి ముక్కకూ నాలుగువైపులా పావు అంగుళం కుట్టుకు వదలాలి. ఆ లెక్కలో పిసరంత తేడా వచ్చినా దుప్పటి పూర్తయ్యేసరికి వంకరపోతుంది. గుడ్డ ఎంత కావాలో లెక్కగట్టడం, ముందు తానే కుట్టి చూడటం, ఇంకొకరికి అర్థమయ్యేలా రాయడం, ఇదంతా శ్రమే. ఇంజనీరు ఇంటిప్లానుకు డబ్బడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు.

అయితే తొమ్మిది ముక్కల చదరం లాంటివి తరతరాలుగా చేతులు మారుతూ వచ్చాయి. వాటిని ఎవరైనా తమ సొత్తంటే నేనొప్పుకోను. అందరి వారసత్వం వేరు, ఒక మనిషి చేసిన పని వేరు. ఈ తేడా చెరిపేస్తే నష్టపోయేది పేద స్త్రీలే.

అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టల ముక్కలతో, తమ ఊహతో దుప్పట్లు కుట్టారు. 2002లో అవి మ్యూజియంకెక్కాయి. 2006లో తపాలా బిళ్లలమీద కొచ్చాయి. 2007లో కొందరు తమకు న్యాయంగా రావలసింది రాలేదని కోర్టుకెళ్లారు. 2024లో ఒక పెద్ద దుకాణాల సంస్థ అయిదుగురి డిజైన్లతో సరుకు అమ్మింది. వాళ్లకు ముట్టింది అమ్మకంలో వాటా కాదు, ఒక్కసారి ఇచ్చిన మొత్తం మాత్రమే.

ఇది మనకు తెలియని కథా? నరసాపురం లేసు పనివారిపై మరియా మీస్ పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో కూర్చుని అల్లుతారు గనుక వాళ్లను శ్రామికులుగా కాక గృహిణులుగానే చూశారనీ, లాభాలు వ్యాపారులకే పోయాయనీ ఆమె చూపించింది.

అందుకే శిక్షణ తరగతుల్లో నమూనాలు జిరాక్సు తీసి పంచేముందు, ఇది ఎవరు గీశారని మనం అడగాలి. ఆమె పేరు కాగితంమీద ఉండాలి. విడిగా కొనలేనివాళ్ల కోసం సంఘమే కొని, అందరూ వాడుకోవడానికి ఆమె అనుమతి తీసుకోవచ్చు. వ్యాపారులతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక్కసారిచ్చే డబ్బుతో సరిపెట్టుకోకుండా అమ్మకంలో వాటా అడగాలి. కుట్టుకూలి కోసం ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నాం. ఊహించి, కొలిచి, గీసిన పనికీ కూలి కట్టమని గట్టిగా అడగాల్సింది కూడా మనమే.