బడి కమిటీలో మన మాట ఏది?

విద్యా విధానం ప్రస్తావన రాగానే మన సమాజంలో చర్చ సచ్చర్ కమిటీతో మొదలై, రిజర్వేషన్ల దగ్గరో ఉపకార వేతనాల దగ్గరో ముగుస్తుంది. 2006 నవంబరులో వెలువడిన ఆ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడికి అసలు వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్తున్నవారు సుమారు 3 శాతమేనని కూడా చెప్పింది. అంటే మన పిల్లల్లో అత్యధికుల భవిష్యత్తు సాధారణ పాఠశాలల్లో, పేద ఇళ్ల పిల్లలదైతే ప్రభుత్వ బడుల్లో నిర్ణయమవుతోంది. ఈ గణాంకాలను దాదాపు రెండు దశాబ్దాలుగా ప్రతి వేదిక మీదా వింటున్నాం. ఆ బడి ఎలా నడవాలో తేల్చే చోట మనం ఉన్నామా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతోంది.

ఆ చోటును ఎవరి దయాదాక్షిణ్యాలతోనో పొందనక్కరలేదు. చట్టమే ఇచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సగం మంది మహిళలు ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం స్థానం దక్కాలి. బడి పనితీరును పర్యవేక్షించడం, నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రూపొందించడం ఈ కమిటీ విధులు. ప్రభుత్వం వేసే ప్రణాళికలకూ, ఇచ్చే నిధులకూ ఆ అభివృద్ధి ప్రణాళికే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతోంది. ఒక కూలి తల్లీ, ఒక ఆటో నడిపే తండ్రీ కలిసి కూర్చుని రాయించిన కాగితం పైస్థాయి ప్రణాళికకు పునాది కావాలన్నదే దీని సారాంశం.

ఆచరణ ఇందుకు చాలా దూరంగా ఉంది. అనేక చోట్ల కమిటీ ఉన్నదన్న సంగతే తల్లిదండ్రులకు తెలియదు. సమావేశం జరగకుండానే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసుకుంటుంది. ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లికి తెలుగులో నోటీసు అందుతుంది. రోజుకూలీకి వెళ్లే తండ్రిని పనిదినాన ఉదయం పదకొండు గంటలకు రమ్మంటారు. రాకపోతే శ్రద్ధ లేదంటారు. ఈ తీరుపై యంత్రాంగాన్ని నిలదీయవలసిందే. మొహల్లా పెద్దలను అడగవలసిన మాట కూడా ఒకటుంది. మసీదు కమిటీ ఎన్నికకు వాడవాడా కదిలే మనుషులు బడి కమిటీ ఎన్నిక నాడు ఎక్కడ ఉంటున్నారు?

ఆ కమిటీలో కూర్చుంటే ఒరిగేదేమిటని కొందరు అడగవచ్చు. ఉర్దూ మాధ్యమ బడుల సంగతి చూద్దాం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లల విషయంలో నిర్దేశిస్తోంది. ఏ బడిలోనూ మంజూరైన ఉపాధ్యాయ పోస్టుల్లో 10 శాతానికి మించి ఖాళీలు ఉండరాదని విద్యా హక్కు చట్టం 26వ సెక్షన్ శాసిస్తోంది. మరోవైపు ఉర్దూ మాధ్యమంలో కొన్ని రిజర్వుడు పోస్టులకు ఆయా వర్గాల నుంచి ఉర్దూలో బోధించగల అభ్యర్థులు దొరకక, నియామకాలు జరిగిన ప్రతిసారీ అవి మిగిలిపోతున్నాయి. రిజర్వేషన్ల సూత్రాన్ని మేము ప్రశ్నించడం లేదు. అభ్యర్థులే లేని చోట ఆ పోస్టులను ఎలా భర్తీ చేయాలో ప్రభుత్వం తేల్చాలనీ, తేలే వరకు తరగతి గదిలో ఒక ఉపాధ్యాయుడు ఉండాలనీ అడుగుతున్నాం. ఈ కోరిక ఇంతవరకు వినతి పత్రాల్లో, నాయకుల ప్రసంగాల్లో వినిపించింది. ఏ బడిలో ఎన్ని పోస్టులు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉన్నాయో, అందువల్ల ఏ తరగతికి ఏ పాఠం జరగలేదో బడి బడి నుంచీ కమిటీ తీర్మానంగా నమోదై పైకి వెళ్తే దాని బరువు వేరు. వినతి పత్రాన్ని పక్కన పెట్టవచ్చు. చట్టబద్ధమైన కమిటీ ప్రణాళికను పక్కన పెట్టడానికి కారణం చెప్పవలసి వస్తుంది.

ప్రజలు గట్టిగా మాట్లాడినప్పుడు విధానాలు మారిన సందర్భాలు మన కళ్ల ముందే ఉన్నాయి. జాతీయ విద్యా విధానంపై కస్తూరిరంగన్ కమిటీ ముసాయిదా 2019 మే 31న బయటికి వచ్చింది. హిందీయేతర రాష్ట్రాల్లో హిందీని తప్పనిసరి చేసే భాగంపై తమిళనాడులో తీవ్ర నిరసన రేగింది. జూన్ 3న కేంద్రం ఆ భాగాన్ని సవరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడుల నుంచి ఉన్నత పాఠశాలలకు తరలించే ఏర్పాటు చేసింది. చిన్నపిల్లలు అంత దూరం ఎలా వెళ్తారని తల్లిదండ్రులు అడిగారు. ఉపాధ్యాయ సంఘాలు ఉద్యమించాయి. 2025లో ఆ జీవో రద్దయింది.

ప్రజలను అడగడం వేరు, ప్రజలతో కలిసి నిర్ణయించడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చిన జీవోలను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి, 90 శాతానికి పైగా ఇంగ్లీషు మాధ్యమాన్నే కోరారని ప్రకటించింది. ఆ కోరిక నిజమైనదే. మన తల్లిదండ్రుల్లోనూ అది బలంగా ఉంది. పిల్లల ఉద్యోగాల గురించి వారు పడే ఆరాటాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. కానీ ఇంగ్లీషులో బోధించే ఉపాధ్యాయుడు ఎక్కడి నుంచి వస్తాడు, ఉర్దూ చదువు ఏమవుతుంది, మొదటి తరం విద్యార్థికి ఇంట్లో ఎవరు సాయపడతారు అన్న ప్రశ్నలు ఒక గడిలో టిక్కు పెట్టడంతో తేలవు. వాటికి కూర్చుని మాట్లాడే చోటు కావాలి. ఆ చోటే బడి కమిటీ.

ఇక మన సొంత విద్యాసంస్థల మాట. 2012 నాటి సవరణ మైనారిటీ ఎయిడెడ్ బడుల్లో ఈ కమిటీల పాత్రను సలహాలకే పరిమితం చేసింది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విద్యా హక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉందని 2025 సెప్టెంబరులో ద్విసభ్య ధర్మాసనం అభిప్రాయపడి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. 30వ అధికరణం ఇచ్చిన స్వయం నిర్వహణ హక్కును కాపాడుకోవడంలో మేము ఎవరికీ తీసిపోము. అయితే ఆ హక్కు సముదాయానిది, సొసైటీ కార్యదర్శి ఒక్కరిది కాదు. ఫీజు ఎందుకు పెరిగిందో, గణితం టీచరు ఎందుకు మానేశారో అడిగే వీలు తల్లిదండ్రులకు లేకపోతే, ఆ బడి మనదని చెప్పుకోవడంలో అర్థం ఏముంది? వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకోవడం విశ్వాసుల లక్షణమని మన ధర్మం నేర్పింది. ఖుర్ఆన్ 42వ సూరాకు షూరా అనే పేరు. ప్రభుత్వాన్ని సంప్రదింపులు కోరే మనం, చట్టం బలవంతం చేయకముందే మన బడుల్లో వాటిని పాటించి చూపాలి.

తల్లుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చట్టం సగం స్థానాలు వారికిచ్చింది. ఎన్నికైన తల్లి పేరు పుస్తకంలో ఉండి, సమావేశానికి భర్తో మరిదో వెళ్లే అలవాటు పోవాలి. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల ప్రతినిధులే అధ్యక్షులు. మన ఇళ్ల ఆడవారు సంఘాల్లో సభ్యులుగా లేని వాడల్లో ఆ దారి వారికి మూసినట్లే. పిల్లవాడు బడిలో ఏం తిన్నాడో, ఏం చదివాడో, మరుగుదొడ్డి లేక ఆడపిల్ల రోజంతా నీళ్లు తాగకుండా ఎందుకు ఉండిపోయిందో అందరికన్నా ముందు తెలిసేది తల్లికే. ఆమె మాట లేని ప్రణాళిక అసంపూర్ణం.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ప్రతి మొహల్లాలో చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు తమ ప్రాంతపు బడి కమిటీ సభ్యులెవరో కనుక్కోవాలి. ఎన్నిక తేదీ, సమావేశం తేదీ తల్లిదండ్రులకు ముందుగా చేరేటట్లు చూడాలి. జుమా నమాజు తరువాత ఒక ప్రకటన చేయడానికి మసీదు కమిటీకి ఖర్చేమీ కాదు. నోటీసులు ఉర్దూలోనూ ఇవ్వాలని లిఖితపూర్వకంగా కోరాలి. అభివృద్ధి ప్రణాళిక ప్రతిని అడిగి తీసుకోవాలి. పిల్లల హక్కుకు భంగం కలిగితే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. మూడు నెలల్లో నిర్ణయం వెలువడాలి. అది సంతృప్తికరంగా లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. చేరిన చోట మన పిల్లల కోసమే మాట్లాడి ఊరుకోరాదు. పక్క బెంచీలో కూర్చున్న దళిత, గిరిజన పిల్లల కొరతలు కూడా ఆ తీర్మానంలో ఉండాలి. అప్పుడే మన గొంతుకు తోడు దొరుకుతుంది.

హక్కుల కోసం వీధికెక్కడం మనకు కొత్త కాదు. అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కుతాం. దాంతోపాటు, చేతిలో ఉన్న హక్కును వాడుకునే ఓర్పు కూడా ఇప్పుడు కావాలి. ఈ నెల మీ పిల్లల బడికి వెళ్లండి. తీర్మానాల పుస్తకం చూపమని మర్యాదగా అడగండి. గత సమావేశంలో మీ వాడ సమస్య ఏదైనా రాశారో లేదో చూడండి. రాయకపోతే వచ్చే సమావేశంలో మీరే రాయించండి.