మన పోరాటాన్ని 'పితూరీ' అన్నారు



మన్యం పోరాటం అనగానే మీకు 1922, అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆయన పిలవగానే అన్ని ఊళ్లు ఎందుకు కదిలాయి? ఆ కొండలకు పోరాటం అప్పటికే తెలుసు కాబట్టి.

1879 మార్చి, రంప కొండలు. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం మీద కూడా మద్రాసు ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పైగా మన్సబుదారు 'చిగురు పన్ను' వసూళ్లు. మైదానం షావుకార్లేమో కోర్టు కాగితం చూపించి పశువుల్నీ పంటనీ తోలుకుపోయేవారు. తమ్మన్నదొర లాంటి వాళ్ల వెంట జనం తిరగబడ్డారు. ఆ మంట గొలుగొండ, భద్రాచలం దాకా పాకింది. అణచడానికి సైన్యాన్నే దింపారు. 1880లో తమ్మన్నదొరను చంపేశారు. అయినా మన్సబుదారుని తీసెయ్యక తప్పలేదు. కాంగ్రెస్ పుట్టింది 1885లో. లెక్క మీరే వేసుకోండి.

తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి పోడు నేరమైపోయింది. గూడెంలో రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది. గాం గంటందొర 1924లో ప్రాణమిచ్చాడు. గాం మల్లుదొర జైలుపాలై, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ప్రభుత్వ కాగితాల్లో వీటన్నిటికీ ఒకటే పేరు: 'పితూరీ'. ఇవాళ ఆ మాటకి చాడీ అని అర్థం. మనవాళ్ల తిరుగుబాటును ఎంత చిన్నది చేసేశారో చూడండి!

అల్లూరిని తగ్గించమని నేను అనడం లేదు. ఒక్క పేరే మిగిలితే మిగతా జనమంతా 'అనుచరులు' అయిపోతారు. అనుచరులకు డిమాండ్లు ఉండవు కదా! మనవాళ్లకు ఉన్నాయి. మా చెట్టు మాది, మా పోడు మాది, మా కష్టానికి కూలి ఇవ్వు. వాళ్లు కోరిన స్వాతంత్ర్యం అదే. 1947లో జెండా మారింది. పోడు మీద హక్కు కాగితం మీదికి రావడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కాగితం ఇంకా అందని ఇళ్లు మీ ఊళ్లోనే ఉంటాయి, చూడండి.

అందుకే రెండు పనులు చెయ్యండి. మీ ఊరి ముసలివాళ్లను కూర్చోబెట్టి, ఆ కాలం గురించి విన్నవి, తెలిసిన పేర్లు రాసిపెట్టండి. చట్టం ప్రకారం హక్కుల నిర్ధారణ మొదలయ్యేది గ్రామసభలోనే. ఈసారి సభకు మీరు వెళ్లండి, పెండింగు దరఖాస్తుల సంగతి అడగండి. తమ్మన్నదొర కాలంలో అడగడానికి ఆ సభ కూడా లేదు. మనకుంది. వాడుకుందాం.